సీలు చూపించే మర్యాద

సీలు సరిగ్గానే ఉంది, లోపల ఉన్నది మాత్రం విస్కీ కాదు. పోలీసు చర్య ముగిసి మిలటరీ పాలన మొదలైన కొత్తలో, సికింద్రాబాదు కంటోన్మెంటులోని ఒక క్లబ్బులో, కొత్తగా వచ్చిన సైనికాధికారులకు ఇచ్చిన మధ్యాహ్నపు విందులో ఈ సంగతి బయటపడింది. అప్పుడు బారు కౌంటరు వెనక ఉన్నది ఇద్దరమే, మా ఉస్తాదూ నేనూ.

ఇన్నేళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ తవ్వుకోవడానికి కారణం పోయిన నెల యాప్రాల్‌లో జరిగిన ఒక విందు. మా వియ్యంకుడి తమ్ముడు సైన్యంలో రిటైరై అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. డాబా మీద షామియానా వేసి, ఒక మూల చిన్న బారు పెట్టించాడు. దాని వెనక నల్ల చొక్కా కుర్రవాడు సీసాను వీపు వెనక నుంచి పైకి విసిరి ముందు పట్టుకుంటుంటే పిల్లలూ పెద్దలూ చప్పట్లు కొడుతున్నారు. కోర్సు చదివాడట, సర్టిఫికెట్టు ఉందట, వచ్చే ఏడు దుబాయి వెళ్తాడట. నా వంతు వచ్చినప్పుడు, అప్పటికే మూత తీసి ఉన్న సీసా నుంచి నాకు పోయబోతుంటే, కొత్త సీసా తీసి మూత నాకు చూపించి పోయమన్నాను. వాడు నవ్వి, "ఏంది తాతా, మా మీద డౌటా? జెర నమ్మున్రి, అంతా ఒరిజినల్ మాలే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికి వచ్చేదాకా ఆ కుర్రవాడి చేతులే కళ్ళ ముందు ఉన్నాయి. చేతుల్ని చూడడం నాకు అలవాటు. ఆ అలవాటు ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

బారులో పోసేవాణ్ణి ఇప్పుడు బార్‌టెండర్ అంటున్నారు. మేము బార్‌మన్ అనేవాళ్ళం, మాకు ముందుతరం నౌకర్లు ఆబ్దార్ అనేవారు. ఏ పేరు పెట్టినా ఆ రోజుల్లో ఆ పనికి ఎవరూ కోరి వచ్చేవారు కాదు. బంధువు ఒకరు అప్పటికే క్లబ్బు వంటింట్లోనో స్టోరులోనో ఉండి సెక్రటరీ చెవిన ఒక మాట వేస్తే, వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాళ్ళం. నా విషయంలో ఆ బంధువు మా మేనమామ, క్లబ్బులో స్టోరు గుమాస్తా. మా ఇల్లు కార్ఖానా పేటలో, నాన్న మిషను బడిలో పంతులుగా పని చేసి పోయారు. మెట్రిక్ పాసై ఇరవయ్యేళ్ళు నిండిన నాకు ఏ ఆఫీసులోనూ పని దొరకలేదు. బారు అనేసరికి అమ్మ ఏడ్చింది. ప్రతి ఆదివారం గుడిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, కొడుకు సారా పోస్తాడంటే ఒప్పుకుంటుందా? మామ మాత్రం అన్నం కలుపుకుంటూ చాలా తాపీగా, "అక్కా, తాగేటోడు వేరు, పోసేటోడు వేరు. మనోడు పోస్తడు, గంతే. పోసినందుకు నరకం ఉంటదని బైబిల్ల యాడున్నదో జెర చూపియ్యి" అన్నాడు. అమ్మకు ఆ వచనం దొరకలేదు. పాస్టరుగారు అడిగితే స్టోరు పని అని చెప్పింది, పోయేదాకా అదే చెప్పింది.

బారులో మొదటి మెట్టు గ్లాసులు తుడవడం. తర్వాత మంచు పని, రంపపు పొట్టులో చుట్టి వచ్చే దిమ్మను పగలగొట్టి ముక్కలు ఒకే సైజులో చేయడం. ఆ తర్వాత సోడా, నిమ్మకాయ. నురుగు పొంగకుండా బీరు పోయడం వచ్చాక గానీ విస్కీ సీసా మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ఈ మెట్లన్నీ నన్ను ఎక్కించినవాడు మా హెడ్ బార్‌మన్. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. మెట్టుగూడ నుంచి సైకిలు మీద వచ్చేవాడు, తెల్లటి కోటుకు ఇత్తడి గుండీలు అద్దంలా మెరిసేవి, వేళకు నమాజు చదివేవాడు. వయసంతా మద్యం మధ్య గడిపినా ఒక్క చుక్క నాలుకకు తగలనివ్వలేదు. అదెలా కుదురుతుందని అడిగితే, "నాకు నాలుకెందుకు బేటా? ముక్కున్నది, కండ్లున్నయి" అనేవాడు. దొరల ముందు ఎలా నిలబడాలో కూడా ఆయనే నేర్పాడు. "సాబులు మాట్లాడుతుంటే నీ మొఖం గోడ లెక్క ఉండాలె. నవ్వొచ్చిందనుకో, గ్లాసు తుడు. ఏడుపొచ్చినా గ్లాసే తుడు. గందుకే బార్ల గ్లాసులు తళతళ మెరుస్తయి." తర్వాత రోజుల్లో నేను బారు వదిలి పత్రికాఫీసులో చేరి మంత్రుల ఎదుట కూర్చుని నోట్సు రాసుకునేటప్పుడు, నాకు పనికొచ్చింది ఆ గోడ ముఖమే.

మా క్లబ్బులో రెండు ఆచారాలు ఉండేవి, కథంతా వాటి మీదే నడుస్తుంది కనుక కొంచెం ఓపిక పట్టండి. మొదటిది సీలు చూపించడం. కొత్త సీసా తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి అడుగున పెట్టి, కుడి చేత్తో మెడ దగ్గర తెల్లగుడ్డ పట్టి, మూతి మీది రేకు మెంబరుకు కనిపించేలా వంచాలి. ఆయన తల ఊపాక తెరవాలి. సీలు చూపించినవాడిదే పూచీ, ఆ తర్వాత ఏం తేడా వచ్చినా ఆ చేతులే జవాబు చెప్పుకోవాలి. మాలో మేము మాత్రం ఎప్పుడూ చూపించుకునేవాళ్ళం కాదు. ఎండాకాలంలో ఉస్తాద్ నాకు సోడా కొట్టి ఇచ్చినా, నేను ఆయనకు నిమ్మరసం కలిపి ఇచ్చినా చూడకుండా గటగటా తాగడమే. చూపించడమంటే పరాయివాడని చెప్పడం.

రెండో ఆచారం ఖాళీ సీసాలది. విదేశీ విస్కీ సీసా బయటకు పోతే అందులో నాటుసారా నింపి అమ్ముతారని భయం. అందుకని ఖాళీ అయిన ప్రతి సీసానూ బావి దగ్గర గోనెసంచిలో పెట్టి ఇనప రోకలితో పగలగొట్టి, మెడ మాత్రం పట్టుకెళ్ళి స్టోరులో ఇవ్వాలి. మెడ ఇస్తేనే నిండు సీసా ఇస్తారు. ఒకరు పగలగొట్టాలి, ఇంకొకరు నిలబడి చూడాలి. మొదట్లో నాకిది నవ్వు తెప్పించేది. పెద్ద పెద్ద దొరల క్లబ్బు, నౌకర్ల మీద నమ్మకం మాత్రం పగిలిన గాజుమెడంత!

ఆ నమ్మకం కూడా కరిగిపోయింది పోలీసు చర్యకు ముందు ఏడాది. మా తరంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఇండియా సైన్యం కంటోన్మెంటు ఖాళీ చేసి వెళ్ళింది. రజాకార్ల కవాతులు వీధుల్లోకి వచ్చాయి. సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయాయి. మోండా మార్కెట్లో ఉప్పు కొనేటప్పుడు కూడా పక్కవాడు ఎవరి మనిషో చూసుకుని మాట్లాడేవాళ్ళం. క్లబ్బులో మెంబర్లు పలచబడ్డారు. మిగిలినవారు గొంతు తగ్గించి మాట్లాడుతూ, మేము సోడా తీసుకుని దగ్గరకు వెళ్ళగానే మాట మార్చేవారు. వంటవాడికి బేరరు మీద అనుమానం, బేరరుకు మాలి మీద. సీమవిస్కీ రావడం ఆగిపోయింది. ఉన్న కొద్ది సీసాలనూ సెక్రటరీ స్టోరులో పెట్టి తాళం వేయించాడు. ఇంతలో అమ్మ భయపడి నన్నూ చెల్లెళ్ళనూ వెంటబెట్టుకుని బెజవాడలో పిన్ని ఇంటికి బయలుదేరింది. నేను వెళ్తుంటే ఉస్తాద్ గేటుదాకా వచ్చి, "జల్ది రా బేటా, నువ్వు లేకుంటే బావికాడ నేనూ మీ మామే మిగుల్తం. నేను పగలగొడితే ఆయన చూడాలె, ఆయన పగలగొడితే నేను చూడాలె. ముసలోళ్ళం, చేతులు నొస్తయి" అని నవ్వాడు. ఆ వానాకాలమంతా నేను లేను. నేను లేని ఆ నెలల్లో ఏం జరిగిందన్నదే ఈనాటికీ తెగని ప్రశ్న.

పోలీసు చర్య అయిపోయాక రైళ్ళు నడవగానే తిరిగి వచ్చాను. వచ్చి వారం తిరక్కుండానే ఆ విందు. సెక్రటరీకి కొత్త అధికారులను మెప్పించాలన్న ఆత్రం. దాచిన సీసాలు బయటకు తీయించాడు. మామ స్టోరులోంచి తెచ్చి కౌంటరు మీద పెట్టి, వెళ్ళకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఉస్తాద్ మొదటి సీసా ఎత్తి, గుడ్డ పట్టి, మీసాల మేజరుకు సీలు చూపించాడు. మేజరు తల ఊపాడు. రేకు తీసి పోస్తుంటే ఉస్తాద్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పక్కనే మంచు వేస్తున్న నాకు అది స్పష్టంగా కనిపించింది. ఆగిన చెయ్యి మళ్ళీ పోసింది, గ్లాసు మేజరు ముందుకు వెళ్ళింది.

మేజరు వాసన చూసి గ్లాసు కింద పెట్టేశాడు. అప్పటికి వాసన నాకూ తగిలింది, బెల్లపుసారాలో టీ డికాక్షన్ కలిపిన వాసన. కల్తీ అని తిట్టి ఊరుకుంటే సరిపోయేది, కానీ ఆ రోజులు అలాంటివి కావు. మేజరు ఉస్తాద్ గడ్డం వంకా, టోపీ వంకా చూసి, ఇందులో ఏం కలిపావని హిందూస్తానీలో అడిగాడు. ఎవరో వెనక నుంచి విషం అన్నారు. ఆ ఒక్క మాటతో సంగతి నౌకరీ దాటి జైలుదాకా, ఇంకా దూరందాకా పోయింది. మేజరు గ్లాసును వెనక్కి తోసి, ముందు నువ్వు తాగు అన్నాడు.

ఉస్తాద్ కదల్లేదు. తాగకపోతే విషమని ఒప్పుకున్నట్టు, తాగితే ఇన్నేళ్ళూ కాపాడుకున్నది ఒక్క గుక్కలో పోయినట్టు. ఆయన పెదవులు ఏదో చదువుకుంటున్నాయి. చెయ్యి మెల్లగా గ్లాసు వైపు వస్తుంటే నేను ఆలోచించలేదు, గ్లాసు అందుకుని మొత్తం తాగేశాను. గొంతు మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే, పడిపోలేదు. కాసేపు నన్ను ఎగాదిగా చూసి మేజరు పెద్దగా నవ్వాడు, హాలంతా ఊపిరి పీల్చుకుంది.

ఆ నవ్వుల మధ్య నేను రెండు ముఖాలు చూశాను. గుమ్మం దగ్గర మామ. సొంత మేనల్లుడు విషమో కాదో తెలియని గ్లాసు ఎత్తుతుంటే, "అల్లుడా, ఆగు!" అని ఒక్క కేక వేయలేదు, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. నా పక్కన ఉస్తాద్. ఆయన కళ్ళలో కృతజ్ఞత కోసం వెతికాను. అక్కడ ఉన్నది వేరే ఏదో. సీసాలో ఏముందో ముందే తెలిసినవాడు తప్ప ఇంత ధైర్యంగా ఎవడు తాగుతాడన్నట్టు నన్ను చూస్తున్నాడు.

విషం కాదని తేలింది కాబట్టి జైలు తప్పింది. నౌకరీ దక్కలేదు. సీలు చూపించిన చేతులదే పూచీ కదా. సెక్రటరీ దగ్గరకు వెళ్ళి, సీసా స్టోరు నుంచి సీలుతోనే వచ్చిందని, ఉస్తాద్ తప్పు ఎలా అవుతుందని అడిగాను. ఆయన పైపు వెలిగించుకుంటూ, స్టోరు మీ మామది కదా, అయితే అతన్ని పంపించమంటావా అన్నాడు. నిజం తేలేదాకా ఎవరినీ పంపొద్దన్నాను. సాయంత్రానికి ఉస్తాద్ కోటు మడిచి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే కౌంటరు వెనక సెక్రటరీ నన్ను నిలబెట్టాడు. మేజరుగారు ముచ్చటపడి, ధైర్యస్థుడు, వాణ్ణే ఉంచండి అన్నారట. నా ఉద్యోగంలో పెద్ద మెట్టు ఎక్కింది అలా.

ఇంట్లో మామను నిలదీశాను. ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ, "నువ్వు తాగినవ్ గద, ఏమన్న అయిందా? మరి గింకేంది పరేషాన్?" అన్నాడు. నేను తాగుతుంటే ఎందుకు ఆపలేదని అడిగాను. "కాళ్ళు కదల్లేదు రా. అందరి కాళ్ళు కదుల్తయా?" అన్నాడు. అది నిజమే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం మేమిద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం గానీ, ఆ మాట ఎత్తలేదు.

స్టోరు తాళంచెవి ఒకరోజు నా చేతికి వచ్చినప్పుడు మెడల గంప బోర్లించి చూశాను. రోకలితో కొట్టిన మెడలు కోరల్లా ఉంటాయి. వాటి మధ్య కొన్ని నున్నగా, కత్తితో కోసినట్టు ఉన్నాయి. అలాంటివి ఎక్కడివో నాకు తెలుసు. సరుకులు ఆగిపోయిన రోజుల్లో గాజుగ్లాసులు దొరక్క, మోండా మార్కెట్ వెనక పాత సామాను కొనే కబాడీవాళ్ళు పాత సీసాలకు కిరసనాయిలు తాడు చుట్టి, వెలిగించి, నీళ్ళలో ముంచి మెడ ఊడగొట్టి, అడుగు భాగాన్ని గ్లాసుగా అమ్మేవారు. పనికిరాని మెడలు అక్కడ కుప్పగా పడి ఉండేవి. ఎవరో ఆ మెడల్ని తెచ్చి గంపలో వేసి, క్లబ్బు సీసాలను పగలగొట్టకుండా కాపాడారు. వాటిలో సారా నింపి, రేకు మళ్ళీ అతికించి, నిండు సీసాలు బయట అమ్ముకుని వాటి చోట పెట్టారు. గంప మామ అధీనంలోది. కానీ మెడలు తెచ్చి ఇచ్చేది బారు. ఆ నెలల్లో బావి దగ్గర ఉన్నది వాళ్ళిద్దరే, నాకు పని నేర్పినవాడూ పని ఇప్పించినవాడూ. వాసన చూసి పోల్చుకోగల ముక్కు ఉన్నవాడు చెయ్యి ఆపి కూడా మళ్ళీ ఎందుకు పోశాడు? ఇద్దరిలో ఎవరిని తలుచుకున్నా ఇంకొకరు గుర్తొచ్చేవారు.

తర్వాత బారు పెరిగింది. మద్రాసు వైపు మద్యనిషేధం వచ్చాక అక్కడి బార్‌మన్లు పని వెతుక్కుంటూ సికింద్రాబాదు స్టేషన్లో దిగేవారు. చేతిలో పాత దొరల కితాబు కాయితాలు ఉండేవి. నేను కాయితం చూసేవాణ్ణి కాదు, ఒక గ్లాసు తుడవమనేవాణ్ణి. ఎందరికో పని నేర్పాను. వాళ్ళలో కొందరు బొంబాయి ఓడలెక్కారు, కొందరు హోటళ్ళలో పెద్దవాళ్ళయ్యారు. సీలు చూపించడం అందరికీ నేర్పాను, మెడల సంగతి కూడా చెప్పాను. నేను నేర్పినవాడు సీసా ఎత్తుతుంటే కూడా నా చూపు వాడి చేతుల మీదే ఉండేది.

హెడ్ బార్‌మన్‌గా నన్ను ఖాయం చేసిన రోజుల్లో, అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పేరు ఇక ఉండదని, ఆంధ్రతో కలిపేస్తారని ఊరంతా మాట్లాడుకుంటోంది, మిఠాయి పొట్లం పట్టుకుని ఉస్తాద్‌ను వెతుక్కుంటూ వెళ్ళాను. మా వృత్తిలో మెట్టు ఎక్కినవాడు ముందు గురువు నోరు తీపి చేయాలి. ఆయన మోండా మార్కెట్ సందులో గోలీసోడా దుకాణం పెట్టుకుని ఉన్నాడు. గడ్డం నెరిసింది, మాట మారలేదు. "ఆవో, ఆవో, హెడ్ బార్‌మన్ సాబ్! అరే, పొట్ట సుత వచ్చిందిరో నీకు! ఎవరి సోడా తాగుతున్నవ్ బేటా?" అని పెద్దగా నవ్వి, బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. అమ్మ గురించి అడిగాడు. మామ గురించి అడగలేదు. మిఠాయి తీసుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. అప్పుడు లేచి నీళ్ళ తొట్టిలోంచి ఒక సోడా తీశాడు.

ఎడమ అరచెయ్యి అడుగున పెట్టి, భుజం మీది తువ్వాలు మెడ దగ్గర పట్టి, మూతిలో గోలీ బిగిసి ఉన్నది నాకు కనిపించేలా వంచాడు. వంచి, అలాగే ఆగాడు, నేను తల ఊపేదాకా.

నేను తల ఊపాను. గోలీ నొక్కాడు, సోడా బుస్సుమంది, తాగాను. కొద్దిసేపు వానల గురించి మాట్లాడుకుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేటప్పటికి ఆ దుకాణంలో వేరేవాళ్ళు ఉన్నారు. ఉస్తాద్ కాలం చేశాడని చెప్పారు.

పత్రికలో చేరాక ఏ సంగతైనా రెండు వైపులా అడిగి రాయమని నాకు నేర్పారు, నేనూ కుర్రవాళ్ళకు అదే నేర్పాను. ఈ ఒక్క సంగతిలో రెండు వైపులవాళ్ళూ నా వాళ్ళే, ఇద్దరూ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఇప్పుడు సీసాలకు ఫ్యాక్టరీలోనే మూత బిగించి పైన మెరిసే స్టిక్కరు అంటిస్తున్నారు, పోసేవాడి చేతులతో ఎవరికీ పని లేదు. యాప్రాల్ కుర్రవాడు నన్ను నమ్మమని ఎంత తేలిగ్గా అడిగాడు! మా కాలంలో ఆ మాట నోటితో అనడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు, చేతులతో చూపించుకునేవాళ్ళం. ఆ రోజు ఉస్తాద్ నాకు సీలు చూపించింది పెద్దవాణ్ణయ్యానని మర్యాదకో, నా మీద అనుమానం పోలేదని చెప్పడానికో, లేక నాకు ఆయన మీద ఉన్న అనుమానం తనకు తెలుసని చెప్పడానికో నేను అడగలేదు. బావి పూడ్చేశారు, స్టోరు గది కూలగొట్టారు. ఆ నున్నటి మెడలు గంపలోకి ఎవరు తెచ్చారో ఈనాటికీ తేలలేదు.